మూడు పాయల ఆకు

సబ్ ఇన్‌స్పెక్టర్ ఆశిష్ గుడ్డ సంచిలోని ఆకుల్ని బల్ల మీద కుమ్మరించి పక్కకి తప్పుకున్నాడు. వాడిపోయిన ఆకు వాసన గదంతా అలుముకుంది.

"చూసుకోండి దీదీ. ముట్టుకోవచ్చు గానీ ఒక్క ఆకు కూడా ఈ గది దాటకూడదు. మీరు వెళ్ళేదాకా మీ ఫోన్ నా దగ్గరే ఉంటుంది," అన్నాడు బెంగాలీలో.

హైమ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈమధ్య ఆమెకి నిలబడి చేసే పనులంటే విసుగు. కూర్చుని చేసే పనులంటే భయం, ఎక్కడ కునుకు పడుతుందోనని. యాభై దాటిన వయసులో సగం ప్రభుత్వ ఫోరెన్సిక్ లేబరేటరీలోనే గడిచిపోయింది, చచ్చినవాళ్ళ బట్టలకి అంటిన గింజలూ పుప్పొడీ ఏరుకుంటూ. అది మానేసి భవానీపూర్‌లో మిఠాయి కొట్టు మీద గది తీసుకుని ప్రైవేట్ డిటెక్టివ్ బోర్డు పెట్టింది. అయినా వచ్చేవి చావు కబుర్లే. ప్రతి కేసుకీ ఇదే ఆఖరు అనుకుంటుంది. అంతలో ఎవరో ఒక సునీత వచ్చి మెట్ల మీద కూలబడి ఏడుస్తుంది.

ఈ సునీత మొగుడు గురువులు. సంత్రాగాఛి రైల్వే యార్డులో పని. అతని మేనత్త దాలమ్మ, ఓడరేవులో పనిచేసే మొగుడు పోయాక మేనల్లుడి క్వార్టర్‌లోనే ఉంటూ, రోజూ భవానీపూర్ వెళ్ళి ఒక తెలుగువారింట్లో వంట చేసేది. మంగళవారం పొద్దున్నే క్వార్టర్ల వెనక చెరువులో శవమై తేలింది. తల వెనక దెబ్బ. గట్టు మీద ఈ ఆకుల సంచి. ముందురోజు రాత్రి "నీళ్ళల్లో తోసేస్తాను" అని మేనల్లుడు కేక పెట్టడం క్వార్టర్ల వరసలో ఉన్నవాళ్ళంతా విన్నారు. పోలీసులకి అంతకంటే ఏం కావాలి? రేపు గురువుల్ని కోర్టులో నిలబెట్టి హత్యానేరం మోపుతారు. ఈలోగా ఏదైనా దొరక్కపోతే సునీతకి మొగుడూ దక్కడు, తలదాచుకునే క్వార్టరూ దక్కదు.

"దాలమ్మ మందాకు కోసం తెల్లారకుండా చెరువు గట్టుకి వెళ్ళేదని అందరికీ తెలుసు," అన్నాడు ఆశిష్. "వీడు వెనకే వెళ్ళి తోసేశాడు. ఇందులో మీరు వెతికేది ఏముంది?"

హైమ బల్ల మీదికి వంగింది. వడలి ముడుచుకుపోయిన ఒక ఆకుని తీసి, బొటనవేలితో బల్ల మీద చదును చేసింది. నున్నటి ఆకు. మధ్యలో ఒక మొన, అటూ ఇటూ చెరో మొన, మొత్తం మూడు పాయలు. ఇంకో ఆకు విప్పింది. అదీ అంతే. కట్టలో రెండు పసుప్పచ్చటి పూలు కూడా ఉన్నాయి, చిన్న చామంతుల్లా. కాడలు తిరగేసి చూసింది. అన్నీ ఒకే ఎత్తున నున్నగా తెగి ఉన్నాయి.

ఆమె వీపు దానంతటదే నిటారైంది.

ఇది ఆశిష్ చేత రాయించుకుందామా అనుకుంది. రాయాలంటే అతనికి మొక్కల గురించి మొదట్నుంచీ పాఠం చెప్పాలి. పొద్దున్నించీ ఒక్క కప్పు టీ తప్ప కడుపులో ఏమీ లేదు. చెరువు కూడా చూశాక ఒకేసారి చెప్పొచ్చులే అని లేచింది. అలసట చేయించే తప్పులన్నీ ఇలాగే, చాలా సబబుగా కనిపిస్తాయి.

"గురువులుతో రెండు మాటలు మాట్లాడాలి," అంది.

లాకప్ ఊచల వెనక గురువులు గోడకి చేరబడి ఉన్నాడు. నలభై ఏళ్ళ మనిషి మూడు రోజుల్లో ముసలివాడైపోయాడు.

"నువ్వు అరిచావా, లేదా?"

"అరిసినానమ్మా. నేదని ఎలగంటాను? కోపమొస్తే మా ఇళ్ళల్లో అందరం అదే మాటంటాం. అత్త నన్ను రోజుకోసారి పాతరేసేది."

"గొడవ దేనికి?"

"బాబుగోరింట్లో ఏదో సూసినాదట. ఏటని అడిగితే నాకు సెప్పనేదు. బాబుగోరికే సెప్పాలి, ఇప్పుడే ఎల్లి సెప్పేస్తానన్నాది. పెద్దోళ్ళ యవ్వారం మనకేల, ఉన్న పని ఊడతాది, కూకోమన్నాను. ఇనుకోనేదు. రేత్రి లోకల్ రైలెక్కి ఎల్లిపోనాది. మరి నాను సూడనేదమ్మా. పోలీసులికి సెప్తే ఎవుడూ నమ్మడు."

"వెళ్ళేటప్పుడు చేతిలో ఈ సంచి ఉందా?"

"ఉన్నాది. ఖాళీది. అది నేకండా అత్త గడప దాటదు."

హైమ ఊచల దగ్గరికి జరిగింది. "దాలమ్మ ఆకు ఎలా కోసేది? కత్తితోనా, కత్తెరతోనా?"

గురువులు మొహంలో భయం పోయి చిరాకు వచ్చింది, ఇంత చిన్న సంగతి కూడా తెలీదా అన్నట్టు.

"మందాకుకి ఇనుప ముక్క ఆననిస్తారా? మా అమ్మమ్మ కాడి నుంచీ అంతే. ఇనుము తగిల్తే పసరు పని సెయ్యదు. గోటితో గిల్లాల. ఓపాలి నాను బ్లేడుతో కోసుకొస్తే మొత్తం ఇసిరికొట్టి నన్ను మూడురోజులు తిట్టినాది."

ఇనుముకి భయపడి మందు పనిచెయ్యడం మానేస్తుందని హైమ నమ్మదు. కానీ దాలమ్మ నమ్మింది. గురువులూ నమ్ముతున్నాడు. ఆ సంచిలో కట్ట పెట్టినవాడికి మాత్రం ఆ సంగతే తెలీదు.

*

చెరువు గట్టు మీద సునీత ముందు నడుస్తోంది. అక్కడంతా బురద, గుర్రపుడెక్క, నిమజ్జనం చేసిన బొమ్మల గడ్డి.

"ఇక్కడేనమ్మా అత్త గిల్లీది. పసుప్పువ్వు గుంటగలగర. కామెర్లొచ్చినోళ్ళకి పసరు తీసి మజ్జిగలో ఇచ్చీది. బెంగాలీ అమ్మలు కూడా వొచ్చేవోరు."

హైమ మోకాళ్ళని తిట్టుకుంటూ వంగింది. నేల మీద పాకిన తీగ, చిన్న చిన్న పసుప్పచ్చటి పూలు. ఆకు సన్నగా పొడుగ్గా ఉంది, అంచున ఒకటి రెండు పళ్ళు తప్ప ఎక్కడా చీలిక లేదు. వేలితో రాస్తే గరుకు. నాలుగు తీగలు చూసింది, పది చూసింది, గట్టు ఆ చివరిదాకా నడిచి చూసింది. మూడు పాయల ఆకు ఒక్కటంటే ఒక్కటి లేదు. కొన్ని చోట్ల చివుళ్ళు గిల్లిన గుర్తులున్నాయి. ఎండి నల్లబడిన ఎగుడుదిగుడు మొనలు, గోటి పనే. ఒక రెమ్మ గిల్లి హేండ్‌బేగ్‌లో వేసుకుంది.

"సునీతా, మూడు పాయలుండే నున్నటి ఆకు ఇక్కడ ఎప్పుడైనా..."

అడుగుతుండగానే గట్టు కింద కారు ఆగింది. దిగినవాడి బూట్లు చూస్తే బురదలో అడుగు పెట్టే మనిషి కాడు, అయినా పెట్టాడు. సునీత పైట సర్దుకుంది.

"లలిత్ బాబమ్మా. బాబుగోరి మేనల్లుడు. మాకు లాయర్ని పెడతానన్నాడు, దేవుడిలాగ."

హైమకి ఆ దేవుడితో పరిచయం ఉంది. పార్క్ స్ట్రీట్‌లో ఏసీ గది, బయట గాజు తలుపు మీద తన పేరుతో డిటెక్టివ్ ఏజెన్సీ. పోయిన ఏడాది రెండు కేసులు ఆమె నోటి దగ్గర్నించి లాక్కుపోయాడు.

"నమస్తే ఆంటీ," అన్నాడు లలిత్. "మీరు మళ్ళీ గడ్డి పీకుతున్నారా?" తర్వాత సునీత వైపు తిరిగాడు. "నువ్వు ఇంటికెళ్ళి తయారవ్వు. లాయర్ దగ్గర కాగితాల మీద నీ సంతకం కావాలి. మధ్యాహ్నం కారు తెస్తాను."

సునీత హైమ వైపు చూసింది. లాయర్ని కాదనడానికి హైమ దగ్గర కారణం లేదు. వెళ్ళమని తలూపింది. సునీత గబగబా క్వార్టర్ల వైపు నడిచింది.

"నీకెందుకు ఈ కేసు?" అంది హైమ.

"ప్రసన్నకుమార్ మావయ్య పంపాడు. దాలమ్మ పోయిందని తెలిసిన దగ్గర్నుంచీ మనిషి ముద్ద ముట్టట్లేదు. ఆవిడకి న్యాయం జరగాలి, వాడికి లాయరూ ఉండాలి అంటాడు. అంత మంచివాడు." జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "ఓపెన్ అండ్ షట్ కేస్ ఆంటీ ఇది. గురువులు నేరం ఒప్పేసుకుంటే శిక్ష తగ్గుతుంది. మీరు ఆ అమ్మాయికి లేనిపోని ఆశలు పెట్టి ఫీజు గుంజుకోకండి."

"ఫీజు మాట నువ్వెత్తకు. నీ గాజు తలుపు తుడిచే మనిషి జీతమంత ఉండదు నా ఫీజు."

"మరెందుకీ యాతన? మీ వయసుకి హాయిగా ఇంట్లో కూర్చోవచ్చుగా. ఆకులూ అలములూ చూసి హంతకుల్ని పట్టే రోజులు పోయాయి. కామెర్ల కళ్ళకి లోకమంతా పచ్చగా ఉంటుందట. మీకేమో ఎటు చూసినా మొక్కలే."

అలసిన మనిషికి కోపం తొందరగా వస్తుంది, పోవడానికే ఓపిక ఉండదు. హైమ వంగి ఒక ఆకు తుంపి అతని మొహం ముందు పెట్టింది.

"చూడు. ఇది దాలమ్మ గిల్లే ఆకు. సన్నం, గరుకు, చీలిక లేదు. పోలీసుల దగ్గరున్న సంచిలోది దీని అక్కచెల్లెలు. పువ్వు చూస్తే ఎవరైనా ఒకటే అనుకుంటారు. ఆ ఆకుకి మూడు పాయలుంటాయి, పైన మెరుపుంటుంది. నర్సరీల్లో సింగపూర్ డైసీ అంటారు, పుట్టుక మాత్రం అమెరికా వైపు. అందం కోసం పూలమడుల్లో పెంచుతారు. ఈ గట్టు మీద అది ఒక్క తీగ లేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఈ ఆకు గిల్లిన మనిషి ఆ ఆకుని సంచిలో వేసుకుంటుందా? మేనల్లుడైనా వేస్తాడా? రెండిటికీ తేడా తెలియని వాడెవడో వేశాడు."

లలిత్ నవ్వు అలాగే ఉంది. కళ్ళు మాత్రం ఆమె చేతిలోని ఆకు మీద కాస్త ఎక్కువసేపు నిలిచాయి.

"ఆశిష్‌కి చెప్పారా?"

"సాయంత్రం చెప్తాను. రాయిస్తాను కూడా."

"గుడ్ లక్ ఆంటీ," అని అతను బురదలోంచి జాగ్రత్తగా దిగివెళ్ళాడు.

కారు వెళ్ళిపోయాక హైమకి నోరు చేదుగా అనిపించింది. అంతా ఎందుకు వాగినట్టు? కాడలు నున్నగా తెగిన సంగతి మాత్రం నోరు జారలేదు. అది తెలివితో దాచుకున్నది కాదు, ఆయాసం వచ్చి ఆగిపోయింది.

*

లోకల్‌లో హౌరా, అక్కణ్ణించి భవానీపూర్‌కి బస్సు. దారిలో బస్సు రెండుచోట్ల ఇరుక్కుంది. ప్రసన్నకుమార్ ఉండే బిల్డింగ్ ముందుకి వచ్చేసరికి రెండున్నర దాటింది. గేటు పక్కన సిమెంటు మడి నిండా పసుప్పచ్చటి పూలు. హైమ చెప్పు లోపల వాచిన పాదాన్ని కూడా మర్చిపోయి నిలబడిపోయింది.

మెరిసే ఆకులు, ఆకుకి మూడు పాయలు. మడి అంచు కత్తెరతో గీత గీసినట్టు సమంగా కత్తిరించి ఉంది. మూలన తుక్కు గుట్టలో రెమ్మలు ఎండుతున్నాయి. అన్నీ నున్నగా తెగినవే.

"ఎప్పుడు కత్తిరించారు దాదా?" అని వాచ్‌మన్‌ని అడిగింది.

"సోమవారం సాయంత్రం. ఎత్తే వాడు ఇంకా రాలేదు."

అంటే గురువులు చెప్పింది నిజం. దాలమ్మ సోమవారం రాత్రి ఇక్కడికి వచ్చింది. ఎవరో ఆమె ఖాళీ సంచిలో ఈ గుట్టలోంచి ఒక గుప్పెడు కుక్కి, ఆమెతోపాటు చెరువు దాకా తీసుకెళ్ళారు. ప్రసన్నకుమార్ మీదే అనుమానం పెట్టుకుని హైమ లిఫ్ట్ ఎక్కింది. ఆ మంచి మావయ్యని నాలుగు మాటలతో కడిగేద్దామనుకుంది.

తలుపు తియ్యడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. రిటైరైన బేంకు ఆఫీసరు. చేతికర్ర, వేలాడుతున్న లాల్చీ, గుంటలు పడ్డ బుగ్గలు. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. ఈ మనిషి లిఫ్ట్ దాకా నడవలేడు, చెరువు దాకా శవాన్ని మోస్తాడా?

"ఎవరమ్మా? దాలమ్మ పంపిందా?" అన్నాడు ఆశగా. "ఆకు తెచ్చావా?"

హైమ గుమ్మంలోనే ఆగిపోయింది. "దాలమ్మ ఎక్కడుందండీ?"

"ఊరెళ్ళిందిగా. ఎవరికో బాగోలేదట. నాకు చెప్పకుండా ఎప్పుడూ వెళ్ళదు. వస్తే తిడదామనుకుంటున్నాను." ఆయన సోఫాలో కూలబడ్డాడు. "కూర్చో. మంచినీళ్ళు నువ్వే తీసుకోవాలి. ఇంట్లో ఎవరూ లేరు."

"ఊరెళ్ళిందని ఎవరు చెప్పారు?"

"లలిత్. మా చెల్లెలి కొడుకు. సోమవారం రాత్రి బెల్ మోగితే వాడే వెళ్ళి తీశాడు. దాలమ్మేనట, ఊరెళ్తున్నానని చెప్పి పోయిందన్నాడు. నేను లేచి వచ్చేలోపల ఇద్దరూ లేరు. వాడు ఆవిణ్ణి కారులో స్టేషన్‌లో దింపి వచ్చాడు. ఈ కాలంలో పనిమనిషి మీద అంత దయ ఎవరికుంటుంది చెప్పు?"

పొద్దున గట్టు మీద లలిత్ ముద్ద ముట్టట్లేదని చెప్పిన మావయ్య ఈయనే. దాలమ్మ పోయిందన్న కబురే ఈయనకి తెలీదు. ఇప్పుడు చెప్పాలా? ఆ పసుపు కళ్ళు చూస్తే జాలేసి చెప్పలేకపోయింది.

"కామెర్లు ఎన్నాళ్ళ నుంచి?"

"వేసవి నుంచి. తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెడుతున్నాయి. లలిత్ రోజూ వచ్చి టానిక్ ఇస్తాడు. అది దాలమ్మకి నచ్చదు. మావయ్య ఆస్తికి వారసుడు వాడే కదా, ఆ మాత్రం చెయ్యడా అంటే వినదు. పోయినవారం నా చేతిలో గ్లాసు లాక్కుని సింకులో పారబోసింది. 'బాబూ, నా పసరుకి లొంగని కామెర్లు నానెక్కడా సూడనేదు, ఆ సీసా ఒగ్గీండి' అంటుంది." ఆయన నీరసంగా నవ్వాడు. "చాదస్తం."

పసరు సంగతి దేవుడెరుగు. ఆ టానిక్ విషయంలో దాలమ్మ చూసింది మాత్రం చాదస్తం కాదు.

హైమ బాల్కనీలోకి నడిచి ఆశిష్‌కి ఫోన్ చేసింది.

"ఆశిష్, ఆ సంచి తియ్యి. ఆకు ఎలా ఉందో చెప్పు. ఎన్ని పాయలున్నాయి?"

"ఇందాకే చూశాం దీదీ. మీరు పొరపాటు పడ్డారని లలిత్‌బాబు చెప్పాడు. మధ్యాహ్నం ఆయన కూడా చూస్తానంటే చూపించాను. ఒక్క పాయా లేదు. సన్నగా పొడుగ్గా ఉంది. చెరువు గట్టు మీద ఆకే."

"నువ్వు పక్కనే ఉన్నావా?"

"పెద్దసారు పిలిస్తే ఒక్క నిమిషం లేచాను."

హైమ రెయిలింగ్ పట్టుకుంది. పొద్దున ఒక్క మాట రాయించి ఉంటే చాలు. ఇంత బతుకూ బతికి, ఇంటి వెనక చచ్చినట్టుంది తన పని.

"ఆశిష్, ఇంకొక్కటి చూడు. ఆకు వాడిందా, పచ్చగా ఉందా?"

"పచ్చగానే..." అతని గొంతు ఆగింది. "మూడు రోజులైంది కదా దీదీ. పొద్దున వాడిపోయి ఉంది. వాసన కూడా వచ్చింది."

"కాడల చివర?"

"నున్నగా ఉన్నాయి. అన్నీ సమంగా. కత్తెరతో కోసినట్టు."

"కత్తెరే. ఆకు సరైనది తెచ్చాడు గానీ గోటితో గిల్లాలని వాడికి ఎవరూ చెప్పలేదు. ఇద్దరు సాక్షుల్ని పిలిచి ఆ కట్ట ఇప్పుడే సీలు వెయ్యి. తర్వాత గురువుల్ని అడుగు, వాళ్ళత్త ఆకు ఎలా కోసేదో. మీ సార్ని కూడా నిలబెట్టి వినిపించు. నేను భవానీపూర్‌లో, ప్రసన్నకుమార్ ఇంట్లో ఉన్నాను. ఇక్కడి స్టేషన్‌కి ఫోన్ చేసి వెంటనే మనిషిని పంపు."

పెట్టేశాక గాని గుర్తు రాలేదు. లలిత్ మధ్యాహ్నం కారు తెస్తానన్నాడు. సంతకం కోసం. ఆమె గబగబా సునీత నంబరు నొక్కింది.

ఒక రింగు, రెండో రింగు. మూడోది చెవిలోనే కాక బయట కూడా వినిపించింది. తలుపు అవతల, లిఫ్ట్ పక్కన, సునీత ఫోన్ మోగుతోంది.

తాళం తిరిగింది. లలిత్ లోపలికి వచ్చాడు, వెనక సునీత. సునీత ఒక చేతిలో బట్టల మూట, ఇంకో చేతిలో ముదురు రంగు గాజు సీసా. బాల్కనీ గుమ్మంలో ఉన్న హైమ మీద అతని చూపు ఇంకా పడలేదు.

"మావయ్యా, కొత్త మనిషిని తెచ్చాను," అన్నాడు హుషారుగా. "దాలమ్మ బంధువే. ఇవాళ్టి నుంచి నీ మందు ఈవిడ చేత్తోనే."

"సరే బాబూ," అంది సునీత. హైమని చూసి మొహం విప్పారింది. "అమ్మా, మీరూ ఇక్కడే ఉన్నారా! బాబు నాకు అత్త పని ఇప్పించినాడు. కాగితం మీద ఏలిముద్ర కూడా ఏసినాను, మందు నానే ఇస్తానని."

ఎక్కడో తాళం తెరుచుకున్నట్టు హైమకి మొత్తం అర్థమైంది. మేనల్లుడు మేనత్తని చంపాడని ఊరంతా నమ్మింది. రేపు ఈ ముసలాయన పోతే, ఆ మేనల్లుడి పెళ్ళామే మందులో ఏదో కలిపిందని నమ్మడం ఎంతసేపు?

"ఆ సీసా ఇలా ఇవ్వు సునీతా," అంది.

సునీత ఒక అడుగు వేసి, ఎందుకో ఆగి లలిత్ వైపు చూసింది. లలిత్ మొహంలో పొద్దుటి నవ్వు లేదు. హైమ బేగ్‌లోంచి తొంగిచూస్తున్న గట్టు మీది రెమ్మ వైపు చూశాడు, ఆమె చేతిలో ఇంకా వెలుగుతున్న ఫోన్ వైపు చూశాడు.

"ఏమిట్రా లలిత్, ఎందుకలా ఉన్నావు?" అన్నాడు ప్రసన్నకుమార్.

హైమ వాచిన కాళ్ళతోనే నడిచి, సునీత చేతిలోని సీసా తీసుకుని రెండు చేతులతో గుండెకి అదుముకుంది. ఆశిష్ పంపే మనిషి రావడానికి ఎంతసేపు పడుతుందో ఆమెకి తెలీదు.

లలిత్ మాట్లాడకుండా వెనక్కి తిరిగి, తలుపు మూసి, లోపలి గొళ్ళెం పెట్టాడు.